నిప్పులో పోయిన ఇలియాస్

కోపంతో బయల్దేరాను, కోపంతోనే తిరిగొచ్చాను. మధ్యలో చూసిన కొండలు మాత్రం చాలా బాగున్నాయి. ప్రశాంతమైన ప్రకృతి వర్ణన కోసం వచ్చినవాళ్ళు ఇక్కడే పేజీ తిప్పేసుకోవచ్చు, నేనేమీ అనుకోను.

ఓక్‌విల్: చెక్క గేటు

నేను టొరంటో దగ్గరి ఓక్‌విల్‌లో ఉండే రిటైరైన మత్తు డాక్టర్ని. ఎంతమందినో నిద్రపుచ్చాను గానీ నా కోపాన్ని ఒక్కరోజు కూడా నిద్రపుచ్చలేకపోయానని మా ఆయన రామం అంటూండేవాడు. రామం, మా పక్కింటి ఇలియాస్ ఇక్కడి కార్ల ఫ్యాక్టరీలో కలిసి పనిచేశారు. ఇలియాస్ గ్రీకువాడు, ఆర్థడాక్స్ క్రైస్తవుడు. రెండు ఇళ్ళ పెరళ్ళ మధ్య ఒక చెక్క కంచె, దానికో గేటు. ఆ గేటుకి గొళ్ళెం పెట్టిన రోజు నాకు గుర్తు లేదు. అటు నుంచి ఆలివ్ నూనె వచ్చేది, ఇటు నుంచి గోంగూర పచ్చడి వెళ్ళేది.

రామం పోయినప్పుడు దహనానికి ఇలియాస్ కూడా వచ్చాడు. ఇక్కడ చితీ కట్టెలూ ఉండవు. ఒక గది, ఒక ఇనప తలుపు, ఒక బటన్. మా అబ్బాయి బటన్ నొక్కాడు. బయటికొచ్చాక ఇలియాస్ నా చెయ్యి పట్టుకుని, "ఎంత శుభ్రంగా ఉంది సుభా! నాకూ ఇదే చేయమని రాసిపెడతాను," అన్నాడు. దుఃఖంలో మనుషులు ఏవేవో అంటారు కదా అనుకున్నాను. ఆయన అన్నంత పనీ చేశాడు. రెండేళ్ళ తర్వాత గుండె ఆగిపోయి చనిపోతే, విల్లులో ఆ మాట రాసి ఉంది. పిల్లలు అలాగే చేశారు.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. వాళ్ళ మతంలో మనిషిని మట్టిలో పెట్టాలి. కావాలని దహనం చేయించుకున్నవాడికి చర్చిలో అంత్యక్రియల ప్రార్థన ఉండదు, నలభయ్యో రోజు ప్రార్థన ఉండదు, సంవత్సరీకమూ ఉండదు. ఇలియాస్ భార్య ఎలెని తన సగం జీవితం ఆ చర్చి వంటగదిలో ఉల్లిపాయలు తరిగింది. ఒక్కసారి ఆయన పేరు పైకి చదవమని అడిగితే, రూల్ ఒప్పుకోదన్నారు. నలభయ్యో రోజున ఆవిడ చనిపోయినవాళ్ళ కోసం చేసే కోలివా వండింది. ఉడికించిన గోధుమల్లో పంచదార, బాదంపప్పు, దానిమ్మ గింజలు కలుపుతారు. మన గుగ్గిళ్ళకి తీపి పెట్టినట్టు ఉంటుంది. ఫాదర్ దాని మీద ప్రార్థన చేస్తే అందరికీ పంచాలి. ప్రార్థన చేసేవాడు లేక, మేమిద్దరం వాళ్ళ వంటింట్లో నిలబడి తిన్నాం. ఒళ్ళు మండిపోయింది.

ఏడాది గడిచాక ఎలెని ఒకరోజు గేటు తోసుకుని వచ్చి, "ఇలియాస్ పేరున్న సెయింట్‌కి ప్రెయిరీ మైదానాల్లో పాత చెక్క చర్చిలు ఉన్నాయట. సెయింట్ పండగ జులై ఇరవైన. పండగ పూట, ఆ సెయింట్ గుడిలోనే అడిగితే ఏ ఫాదరైనా కాదంటాడా?" అంది. ఆయన పేరున్న కొండ కూడా ఉంది. యూకాన్‌లో సెయింట్ ఎలాయస్. ఇంగ్లీషులో ఎలాయస్, గ్రీకులో ఇలియాస్, ప్రెయిరీల్లో స్థిరపడిన ఉక్రేనియన్ ఆర్థడాక్స్ వాళ్ళకి ఇలియా. ముగ్గురూ ఒక్కడే, పాతకాలపు ప్రవక్త. ఆ కొండ ఫొటో వాళ్ళ ఫ్రిజ్ మీద ఏళ్ళ తరబడి ఉండేది. ఇలియాస్ పుట్టిన ఊళ్ళో కూడా ఆ పేరుతో ఒక గుట్ట, గుట్ట మీద సున్నం వేసిన చిన్న చర్చి ఉన్నాయట. గుట్ట కనిపిస్తే చాలు పైన దేవుణ్ణి కూర్చోబెట్టడం మనకొక్కరికే ఉన్న అలవాటు కాదన్నమాట.

గుడి, కొండ రెండూ చూసి రావాలని బయల్దేరాం. ఇలియాస్ కూడా వచ్చాడు. భస్మం ఉన్న పెట్టెని ఎలెని తను అల్లిన నీలం ఊలు సంచిలో పెట్టుకుంది. విమానాశ్రయంలో సెక్యూరిటీ అమ్మాయి సంచి చూసి, "ఇందులో ఏముందండీ?" అని అడిగింది.

"మా ఆయన," అంది ఎలెని.

ఆ అమ్మాయి కంగారుపడి పైవాళ్ళని పిలిచింది. వాళ్ళు కాగితాలు చూసి సరే అన్నారు. ఎలెనికి అబద్ధం ఆడటం రాదు. పోనీ మాట తిప్పడమైనా రాదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు నా కొంప ముంచింది ఇదే.

సాస్కటూన్: తాళం వేసిన గుడి

ప్రెయిరీల్లోని సాస్కటూన్‌లో మా బస కామేశ్వరి గారింట్లో. ఆవిడా నేనూ గుంటూరులో ఒకే కాలేజీలో చదివాం. వాళ్ళాయన యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా చేసి రిటైరయ్యారు. ఆ రోజు రాత్రి భోజనంలో పప్పుచారు, వంకాయ కూర, చివర్లో సాస్కటూన్ బెర్రీలు కూరి కాల్చిన తీపి రొట్టె పెట్టారు. ఆ బెర్రీలు చూడటానికి నేరేడు పిల్లల్లా ఉంటాయి గానీ వగరు ఉండదు. ఎలెని పప్పుచారు గ్లాసులో పోయించుకుని తాగింది.

పొద్దున్నే కామేశ్వరి గారు మమ్మల్ని కారెక్కించుకుని బయల్దేరారు. దారంతా కనోలా చేలు, మన ఆవచేలలాగే పసుపుపచ్చగా. కొండ మాట దేవుడెరుగు, చిన్న దిబ్బ కూడా లేదు. కంకర రోడ్డు చివర తెల్ల చెక్క గోడలు, ఉల్లిగడ్డ ఆకారంలో గోపురం, చుట్టూ సమాధులు. అదే ఇలియా చర్చి. ఒక్క కారు లేదు, ఒక్క మనిషి లేడు. తలుపుకి తాళం.

"ఇవాళ ట్వెంటీయేత్ కదా?" అన్నారు కామేశ్వరి గారు ఫోన్ చూసుకుంటూ.

తలుపు మీద అంటించిన నంబరుకి ఫోన్ చేస్తే పక్క పొలం నుంచి ఓల్గా అనే పెద్దావిడ ట్రక్కు నడుపుకుంటూ వచ్చింది. తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంటుందట. మా మొహాలు, పట్టు అంచు చీర కట్టుకున్న కామేశ్వరి గారిని, ఎలెని చేతిలోని సంచిని చూసి కాసేపు ఏమీ అర్థం కానట్టు నిలబడింది.

"పండగా? ఇవాళా? మా పండగ ఆగస్టు రెండున," అంది.

గ్రీకులు పండగలకి కొత్త క్యాలెండర్ వాడతారు. ఈ చర్చివాళ్ళు ఇంకా పాత క్యాలెండరే పట్టుకున్నారు. రెంటికీ పదమూడు రోజుల తేడా. ఎలెనికి ఈ తేడా తెలుసు. తన సెయింట్ విషయంలోనే అది అడ్డం వస్తుందని తోచలేదు.

"నీ మతం నీకు తెలియదా?" అని గొంతు పెంచాను.

కామేశ్వరి గారు నా భుజం మీద చెయ్యేశారు. "ఊరుకోండి సుభద్ర గారూ. మనవాళ్ళు మాత్రం? పోయినేడు ఉగాది టెంపుల్‌లో ఒకరోజు, ఇండియాలో ఇంకోరోజు రాలేదూ? మా ఆయన రెండుసార్లూ పచ్చడి తిన్నారు."

ఓల్గా తలుపు తీసి లోపల చూపించింది. నీలం కప్పు మీద బంగారు చుక్కలు, గోడల మీద సెయింట్ల పటాలు. లోపలంతా మైనం వాసన. ఏడాదికి ఒక్కసారి, పండగ రోజునే ఇక్కడ పూజ జరుగుతుందట. ఫాదర్ వేరే ఊరి నుంచి వస్తాడు. చివర్లో, ఈ సెయింట్ పేరు పెట్టుకున్నవాళ్ళు ఎవరున్నారని అడుగుతాడు. వాళ్ళు లేచి నిలబడితే, నిండు నూరేళ్ళు బతకమని అందరూ కలిసి పాట పాడతారు.

"ఇప్పుడు ఆ పేరున్నవాళ్ళు ఎవరూ మిగల్లేదు. మా మామయ్య ఇలియా ఆఖరివాడు. ఇప్పటికీ ఫాదర్ ప్రతి ఏడూ అడుగుతాడు, ఎవరూ లేవరు. మళ్ళీ రండి, ఆగస్టు రెండు ఆదివారమే," అంది ఓల్గా.

యూకాన్: మబ్బులు

నడుమ ఉన్న రోజుల్లో కొండ చూసొద్దామని వైట్‌హార్స్‌కి విమానం ఎక్కాం. అక్కడి నుంచి హెయిన్స్ జంక్షన్ అనే చిన్న ఊరికి కారు. ఆ ఊరి రోడ్డు మీద నిలబడితే ఎదురుగా గోడ కట్టినట్టు కొండలు. సెయింట్ ఎలాయస్ మాత్రం వాటి వెనకెక్కడో దాక్కుని ఉంటుంది. రోడ్డు మీద నుంచి కనిపించదు, చిన్న విమానంలో వెళ్ళి చూడాల్సిందే.

మేం ఎక్కాల్సిన విమానం మబ్బుల వల్ల ఎగరలేదు. మర్నాడూ ఎగరలేదు. రోజంతా మోటెల్ కిటికీలోంచి మబ్బులు చూడటమే పని. ఆ మోటెల్‌కి ఇచ్చిన డబ్బుతో టొరంటోలో స్విమ్మింగ్ పూల్ ఉన్న హోటల్లో దిగొచ్చు. ఓక్‌విల్‌లో డాలరున్నరకి దొరికే కొత్తిమీర కట్ట వైట్‌హార్స్‌లో నాలుగు డాలర్లు, అదీ సగం వాడిపోయింది. బేకరీలో దాల్చినచెక్క బన్ను మాత్రం నా మొహమంత ఉంది. ఇద్దరం ఒకటి పంచుకుంటే మధ్యాహ్నం భోజనం మానేయొచ్చు. ఎలెని అందులో దాల్చినచెక్క తక్కువైందని, నేను పంచదార ఎక్కువైందని తిట్టాం. రాత్రి పది దాటినా వెలుతురు పోదు. కర్టెన్ సందులోంచి ఎండ కళ్ళలో పడుతుంటే, చీకటి పడే ఊళ్ళో పుట్టడం ఎంత అదృష్టమో తెలిసొచ్చింది.

ఆ ఊళ్ళో పెట్రోల్ బంకులో పనిచేసే నల్గొండ అమ్మాయి ఒకామె నా బొట్టు చూసి, "మీరు తెలుగేనా ఆంటీ? ఇంత దూరం ఎందుకొచ్చిన్రు?" అని అడిగింది. భర్త వైట్‌హార్స్‌లో హోటల్లో చేస్తాడట. ఇక్కడే ఉండిపోవడానికి ఇద్దరికీ పీఆర్ కోసం అప్లై చేసి ఏడాదిన్నరగా చూస్తున్నారు. కొండ చూడ్డానికి వచ్చామని చెప్పాను.

"నేనొచ్చి రెండు చలికాలాలయింది ఆంటీ, ఆ కొండ నాకు ఇంతవరకు కనబడలే," అని నవ్వి, మాకు రెండు కాఫీలు ఫ్రీగా ఇచ్చింది. మొత్తం ప్రయాణంలో నేను ఎవరి మీదా కోప్పడని పది నిమిషాలు అవే.

క్లువానీ సరస్సు

మూడో రోజు కూడా మబ్బులే. ఖాళీగా కూర్చోలేక క్లువానీ సరస్సుకి వెళ్ళాం. నీళ్ళు ఎంత నీలంగా ఉన్నాయంటే, ఎవరో రంగు కలిపారని అనుమానం వస్తుంది. గట్టున గులకరాళ్ళు. చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు.

ఎలెని సంచి ఒళ్ళో పెట్టుకుని రాయి మీద కూర్చుంది. నేను అక్కడ నోరు మూసుకుని ఉండాల్సింది.

"ఎలెని, ఇంతకన్నా మంచి చోటు దొరకదు. నీళ్ళలో కలిపేద్దాం. నేను రామాన్ని లేక్ అంటారియోలో కలిపాను. మనసు తేలికైంది. ఆ ఫాదర్లని బతిమాలుకోవడం ఎందుకు మనకి?"

ఆవిడ నా వైపు తిరిగింది. పాతికేళ్ళ స్నేహంలో ఆ మొహం నేను చూడలేదు.

"నీ మొగుణ్ణి నువ్వు నీళ్ళలో కలుపుకున్నావు. నా మొగుణ్ణి నేను కలపను. మనిషిని మట్టిలో పెట్టాలి. పక్కన నాకూ చోటుండాలి. ప్రతి ఆదివారం వెళ్ళి దీపం పెట్టాలి. అది నా మతం, సుభా. నీకు నచ్చకపోయినా నాదే."

"మరి ఆయన అలా కోరుకున్నాడు కదా!"

"ఎవర్ని చూసి కోరుకున్నాడు?" ఆవిడ గొంతు పగిలిపోయింది. "ఎవరి దహనానికి వెళ్ళొచ్చి కోరుకున్నాడు? ఏడాదిగా ఈ మాట మింగుతున్నాను. ఆ రోజు మీ అబ్బాయి ఆ బటన్ నొక్కకపోతే నా ఇలియాస్‌కి ఇవాళ ఒక సమాధి ఉండేది."

నాకూ కోపం వచ్చింది. మా ఆయన్ని దహనం చేయడం తప్పా? మా ఆచారం మాకుంది. పిలిస్తే వచ్చాడు, చూశాడు, నచ్చింది. దానికి నేనా బాధ్యురాల్ని? ఈ మాటలన్నీ గట్టిగానే అన్నాను. ఆవిడ గ్రీకులో తిట్టింది, నేను తెలుగులో తిట్టాను. అర్థం కాకపోయినా ఇద్దరికీ తగలాల్సిన చోట తగిలాయి.

మోటెల్ దగ్గర కారు ఆపాక ఎలెని తలుపు తీయకుండా అలాగే కూర్చుంది.

"నాకు నీ మీద కోపం లేదు. ఆయన మీద. నన్ను అడగలేదు. ఇన్నేళ్ళు కలిసి బతికాం. ఏ చొక్కా వేసుకోవాలో కూడా నన్నడిగేవాడు. ఈ ఒక్కటి మాత్రం అడగలేదు," అంది.

ఇలియాస్ నాకు అన్నలాంటివాడు. అయినా ఆ క్షణాన ఆ పెట్టె తెరిచి ఆయన్ని నాలుగు దులిపేయాలనిపించింది.

కొండ

నాలుగో రోజు మబ్బు విడిచింది. చిన్న విమానం, పైలట్ కాక ఇద్దరికే చోటు. పైలట్ నడివయసావిడ, ఆ ప్రాంతపు ఆదివాసీ కుటుంబం. తలకి హెడ్‌ఫోన్లు పెట్టి, మైకులో మాట్లాడమంది. ఒక్కొక్కరికీ నాలుగు వందల డాలర్ల పైచిలుకు. డబ్బు కట్టేటప్పుడు గొణిగాను గానీ, ఆ మంచు మైదానాల మీదికి వెళ్ళాక గొణగడం మర్చిపోయాను. కింద మంచు నదులు గీతలు గీతలుగా వంపులు తిరుగుతున్నాయి. గంట దాటాక మిగతా కొండలన్నిటి మీదా తల ఎత్తుకుని ఒకటి కనిపించింది. తెల్లగా, ఒంటరిగా, ఎవరితోనూ పని లేనట్టు ఉంది.

"అదే సెయింట్ ఎలాయస్," అంది పైలట్. "సముద్రంలో ఓడ మీద వచ్చినవాళ్ళు ఆ సెయింట్ పండగ రోజున భూమి చూశారట. ఆ పేరే కొండకీ వచ్చింది. మా అమ్మమ్మ వాళ్ళకి ఇక్కడి కొండలన్నిటికీ వేరే పేర్లుండేవి. వాళ్ళని ఎవరూ అడగలేదులెండి." తర్వాత మామూలుగా, "ఇంతకీ ఎవరీయన? ఏం చేశాడు?" అని అడిగింది.

ఎలెని కిటికీకి తల ఆనించి కొండనే చూస్తోంది. చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పింది. "ప్రవక్త. రాజులకి ఎదురు చెప్పినవాడు. కరువులో వాన తెప్పించాడు. ఆయన చావలేదు. నిప్పు గుర్రాలు, నిప్పు రథం వచ్చాయి. ఆ రథం మీద ఆకాశంలోకి వెళ్ళిపోయాడు. మా పటాల్లో చూడు, చుట్టూ ఎర్రగా మంటలే ఉంటాయి."

నేను మైకు నోటి దగ్గరికి లాక్కున్నాను.

"నిప్పా?"

"నిప్పే."

"నిప్పు రథం మీద పోయినవాడి పేరు పెట్టుకున్న మనిషి, నిప్పులో పోతే తప్పా?" నేను అరిచిన అరుపుకి పైలట్ హెడ్‌ఫోన్ పక్కకి లాక్కుంది. "ఏడాది నుంచి ఈ ముక్క నాకెందుకు చెప్పలేదు? ఏడాది! ఆ ఫాదర్ మొహాన కొట్టేదాన్ని కదా ఈ మాట!"

"చిన్నప్పట్నుంచి వింటున్న కథ సుభా. అందులో కొత్తగా చెప్పడానికేముంది?"

విమానం కొండ చుట్టూ తిరిగింది. ఎలెని సంచి మీద చెయ్యి తీయలేదు. ఇలియాస్ ఊరి గుట్ట ఎక్కడానికి అరగంట చాలు, దీని మీద గుడి ఎవరు కడతారు, ఎవరు ఎక్కుతారు అని కొండని తప్పుపట్టింది. ఆవిడ కళ్ళ నీళ్ళు మాత్రం ఆగలేదు. నేను ఏడవలేదు. ఆగస్టు రెండున ఫాదర్‌తో ఏం మాట్లాడాలో వాక్యాలు పేర్చుకుంటున్నాను.

మళ్ళీ సాస్కటూన్: కుక్కర్

పండగ ముందురోజు ఎలెని కోలివా చేయాలంది. గోధుమలు కడిగి, సన్న మంట మీద గంటల తరబడి ఉడికించి, గుడ్డ మీద ఆరబెట్టాలట. గింజ గింజకీ అంటకూడదు. ఆవిడ స్నానానికి వెళ్ళింది. నేనూ కామేశ్వరి గారూ పొయ్యి మీద సన్న మంట చూసి జాలిపడ్డాం.

"గోధుమలే కదండీ, కుక్కర్‌లో పెడితే పదిహేను నిమిషాల్లో అయిపోతుంది," అన్నారు కామేశ్వరి గారు.

"నాలుగు విజిల్స్ చాలు," అన్నాను నేను.

గొడవ పడకుండా ఇద్దరు తెలుగు ఆడవాళ్ళు తీసుకున్న నిర్ణయం అదొక్కటే. మాటల్లో పడి ఆరు విజిల్స్ అయ్యాయి. మూత తీస్తే గోధుమ జావ. ఎలెని తల తుడుచుకుంటూ వచ్చి గిన్నెలోకి చూసింది.

"ఇదేంటి?"

"కొంచెం మెత్తబడింది," అన్నారు కామేశ్వరి గారు. "కాస్త నెయ్యి వేద్దామా?"

ఎలెని మా ఇద్దర్నీ వంటింట్లోంచి బయటికి నెట్టేసింది. ఇంట్లో గోధుమలు ఇంక లేవు, దుకాణాలు మూసేశారు. ఆ జావలోనే పంచదార, బాదం, దానిమ్మ కలిపి, పైన పంచదార పొడితో సిలువ గీసింది. సిలువ మెల్లగా లోపలికి దిగిపోయింది. మళ్ళీ గీసింది. మళ్ళీ దిగింది.

ఆదివారం: ఇలియా చర్చి

ఈసారి గడ్డి మీద పాతిక కార్లున్నాయి. హాలులో ఆడవాళ్ళు క్యాబేజీ ఆకుల్లో అన్నం చుట్టిన రోల్స్ వేడి చేస్తున్నారు. మన కారం వేసుకుంటే ఆ రోల్స్ అద్భుతంగా ఉంటాయని నా అభిప్రాయం. ఫాదర్ కారు దుమ్ము కొట్టుకుని వచ్చింది. నలభై దాటినట్టు లేడు. అలసిన మొహం, మంచి మాట. అదే నాకు చికాకు. మొరటువాడైతే నా పని సులువయ్యేది.

"ఫాదర్, ప్రార్థనలో ఒక్క పేరు చదవాలి. ఇలియాస్. ఈవిడ భర్త," అన్నాను.

"తప్పకుండా. ఎక్కడ సమాధి చేశారు?"

ఓక్‌విల్‌లో అని చెప్పడానికి నేను నోరు తెరిచాను. ఎలెని కాలు తొక్కాను కూడా. లాభం లేకపోయింది.

"సమాధి చేయలేదు ఫాదర్. దహనం. ఆయనే కోరుకున్నాడు," అంది ఎలెని.

ఆయన తల దించుకున్నాడు. "నన్ను క్షమించండమ్మా. పూజలో పైకి చదవలేను. నా సొంత ప్రార్థనలో రోజూ తలుచుకుంటాను."

"మీ సొంతం ఎవరిక్కావాలి? నలుగురి ముందూ చదవాలి. మీ సెయింట్ నిప్పు రథం ఎక్కి పోలేదా? ఆ గోడ మీద పటంలో మంటలు లేవా? ఆయనకి గుడి కట్టారు. ఈయనకి ఒక్క మాట కూడా లేదా?"

"ఆ రథాన్ని దేవుడు పంపాడమ్మా. ఆయన అడగలేదు."

"దేవుడు పంపితే మంచి నిప్పు, మనిషి అడిగితే చెడ్డ నిప్పా?"

"నిప్పు చెడ్డదని నేననలేదు. మట్టి మంచిదన్నాను." గొంతు ఏమాత్రం పెంచలేదు. "రూల్ నాది కాదు. నేను పాటించాల్సింది మాత్రం నిజం."

తిడితే తిరిగి తిట్టొచ్చు. ఇంత మర్యాదగా కాదంటే ఏం చేస్తాం? మంచు కొండల మధ్య మొదలుపెట్టి అన్ని రోజులూ పేర్చుకున్న వాక్యాలన్నీ అయిపోయాయి. ఎలెని నా మోచెయ్యి పట్టుకుని, "చాలు సుభా. లోపలికి పద," అంది.

రెండు గంటలు నిలబడ్డాం. నా మోకాళ్ళు నన్ను తిట్టుకున్నాయి. పాటలు సగం ఇంగ్లీషు, సగం ఉక్రేనియన్. ఎలెనికి ఆ భాష రాదు గానీ పూజ ఎక్కడిదాకా వచ్చిందో తెలుసు. సరిగ్గా అందరితో పాటు సిలువ గీసుకుంటోంది. చనిపోయినవాళ్ళ పేర్లు చదివారు. ఓల్గా మామయ్య ఇలియా పేరు వచ్చింది. ఆ పేరు వినగానే ఎలెని భుజాలు ఒక్కసారి బిగుసుకున్నాయి. మా ఇలియాస్ పేరు రాలేదు. నేను పటంలోని ప్రవక్త వైపు చూశాను. మంటల మధ్య హాయిగా కూర్చుని ఉన్నాడు, ఆయనకేం.

చివర్లో ఫాదర్ మా వైపు తిరిగాడు. ఏటా అడిగేదే అడిగాడు.

"ఇవాళ పేరు పండగ. ఈ సెయింట్ పేరు పెట్టుకున్నవాళ్ళు మన మధ్య ఎవరైనా ఉన్నారా?"

జవాబు లేదని అందరికీ తెలుసు. ఆయన పెదవులు తర్వాతి మాటకి కదులుతున్నాయి.

ఎలెని చెయ్యెత్తి ఒక అడుగు ముందుకి వేసింది.

"మా ఆయన. ఇలియాస్."

ఫాదర్ ఆవిడ్ని చూశాడు. "ఆయన ఇక్కడ ఉన్నారా?"

"ఉన్నాడు," అంది ఎలెని. నీలం సంచిని రెండు చేతులతో గుండెకి ఆనించుకుంది. అబద్ధం ఆడటం రాని మనిషి, అబద్ధం ఆడలేదు.

వెనక నుంచి ఓల్గా గొంతెత్తింది. బొంగురు గొంతు, శ్రుతి లేదు. నిండు నూరేళ్ళ పాట. ఆవిడ పక్కనున్నావిడ అందుకుంది, తర్వాత ఆ వరస మొత్తం అందుకుంది. మూడుసార్లు పాడాలట. రెండోసారికి చెక్క గోడలు మోగాయి. కామేశ్వరి గారు నా చెవిలో, "మన శతమానం భవతి లాంటిదన్నమాట," అంటూ కళ్ళు ఒత్తుకున్నారు. ఫాదర్ పాడాడో లేదో నేను చూడలేదు. చూడదల్చుకోలేదు.

నాకు అప్పుడే మళ్ళీ ఒళ్ళు మండింది. పోయిన మనిషికి శాంతి కలగాలని ఒక్క మాట చదవడానికి రూల్ ఒప్పుకోదు. అదే మనిషి నూరేళ్ళు బతకాలని ఊరంతా పాడొచ్చు. ఇదేం లెక్క? ఎలెనిని చూస్తే ఆవిడ ఏడుస్తూ నవ్వుతోంది. అందుకని నోరు మూసుకున్నాను.

హాలులో మా గోధుమ జావ మీద ఎవరూ ప్రార్థన చేయలేదు. ఓల్గా వచ్చి ఒక చెంచా తీసుకుని, సిలువ గీసుకుని తిన్నది. ఆవిడ వెనక మిగతావాళ్ళు వచ్చారు. ఏమీ అడగలేదు. గిన్నె ఖాళీ అయింది.

కారు దగ్గర ఎలెని సంచిని వెనక సీట్లో పెట్టి సీటు బెల్టు బిగించింది.

"ఇంకో నూరేళ్ళట. నన్ను అడిగారా?" అంది.

"మరి మట్టిలో పెట్టడం?"

"నాతో పాటే పెడతారు, నా శవపేటికలో. పిల్లలకి చెబుతాను. అప్పటిదాకా మనం ఏటా వస్తాం. ఆ ఫాదర్ అడిగినంత కాలం నేను లేచి నిలబడతాను. ఎన్నిసార్లు కాదంటాడో చూస్తాను."

ఆవిడ గొంతులో మొదటిసారి నా కోపం వినిపించింది. సరేనన్నాను. ఎలెని ఒక్క షరతు పెట్టింది, గోధుమల జోలికి నేను వెళ్ళకూడదని.